బాబాయి షాపు పీసీ డైరీ: ముట్టుకునే ముందు

శుక్రవారం, రాత్రి 10 గంటలు

ఈసారి తొందరపడనని బాబాయికి మాటిచ్చాను. అందుకే ఏది చేసినా ముందు ఇక్కడ రాసిపెట్టుకుంటున్నా.

చెన్నైలో పారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి అంటే కాగితాలు, పెళ్లికార్డుల వీధి. అక్కడ ఒక మేడ మీద చిన్న గదిలో బాబాయి డీటీపీ (కంప్యూటర్లో పత్రికలు కూర్చే) షాపు. తెలుగులో ఆహ్వాన పత్రికలు వేయించుకోవడానికి సూళ్లూరుపేట, నగరి, పుత్తూరు వైపు నుంచి కూడా పొద్దున్నే రైలెక్కి వచ్చేస్తారు. షాపంతటికీ పీసీ ఒక్కటే. నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆపరేటర్ అక్క పొద్దున స్విచ్ వేసి, కిందికి దిగి టీ తాగి, మెట్లెక్కి వచ్చేసరికి డెస్క్‌టాప్ కనబడుతుంది. టీ వేడిగా ఉన్నరోజు ఇంకా ఆలస్యమైనా నష్టం లేదంటుంది తను.

విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. కొత్త పీసీ కొంటే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, తెలుగుకు వాడే అను ఫాంట్లు, వాటి కీబోర్డు అన్నీ మొదటి నుంచి కూర్చోబెట్టాలి. బాబాయికి ఆ ఓపిక లేదు, సీజన్ ముందు అసలే లేదు. అందుకని హార్డ్‌డిస్క్ బదులు వేగమైన ఎస్‌ఎస్‌డీ వేసి, 2026 అక్టోబర్ 13 వరకు వచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసి, ఈ ఏడాదికి నెట్టుకొద్దామని అనుకున్నాం.

పాత సంగతి కూడా రాసుకోవాలి. రెండేళ్ల కిందట ఒక శ్రావణమాసంలో "రిజిస్ట్రీ శుభ్రం చేస్తే స్పీడవుతుంది" అనే మాట నమ్మి ఒక ఉచిత ప్రోగ్రాం నడిపాను. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు. వేలకొద్దీ తప్పులు దొరికాయంది. అన్నీ సరిచెయ్యమన్నాను. మర్నాడు అక్క కీబోర్డు మీద చెయ్యి వేస్తే తెలుగు రాలేదు. పాత పత్రిక తెరిస్తే వరుడి పేరున్న చోట ఇంగ్లీషు అక్షరాలు, ఏటవాలు గీతలు, డాలరు గుర్తులు. అను ఫాంట్లు యూనికోడ్ (తెలుగు అక్షరాలకు సొంత గళ్లు ఇచ్చే పద్ధతి) కావు కదా. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గళ్లలోనే తలకట్టు, గుడి, ఒత్తు ముక్కలుగా కూర్చుని ఉంటాయి. ఫాంటు తొలగిందంటే కింద ఉన్న గుర్తులే బయటపడతాయి. ఫైలు పోలేదు, చదవడానికి లేకుండా పోయింది. షాపు రెండు రోజులు మూత. బాబాయి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

అప్పుడు పత్రికల ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి. లేనివి సెట్టింగులే.

శనివారం

పొద్దున షాపుకెళ్లి దుమ్ము దులిపాను. సీపీయూ డబ్బా తెరిచి బ్లోయర్ కొట్టాను, మానిటర్ తుడిచాను, ప్రింటర్ ట్రే మీద నల్లగా అంటుకుపోయిన పాత టేపు ముక్క ఉంటే గోటితో గీకి పారేశాను. తర్వాత అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నా.

"అక్కా, నువ్వు మార్చుకున్న సెట్టింగులేమన్నా ఉంటే చెప్పు, రాసుకుంటా."

"నేనేం మార్చలేదు తమ్ముడూ. అన్నీ మామూలే."

రెండు గంటలు ఆ మామూలును చూస్తూ కూర్చున్నా. నోట్‌బుక్‌లో రెండు పేజీలు నిండాయి. తను టైపు చేసేది యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో. ఇంగ్లీషుకూ తెలుగుకూ మారే షార్ట్‌కట్ కీ తన ఎడమచేతి అలవాటుకు తగ్గట్టు మార్చి ఉంది. పేజ్‌మేకర్‌లో కొత్త ఫైలు తీయగానే పేజీ సైజు 6×9 అంగుళాలు, మార్జిన్లు కార్డు అంచు పువ్వులకు సరిపోయేలా వస్తాయి. ఏ ఫైలూ తెరవకుండా ఆ కొలతలు మారిస్తే అవే ఎప్పటికీ నిలిచిపోతాయి. ఎవరో ఏనాడో అలా చేసి వెళ్లారు. ప్రింటర్‌లో "పత్రిక" అని ఒక కాగితం సైజు ఉంది. కాగితం రకం మందపాటిది, ట్రే చేత్తో పెట్టేది. చిన్న ఆర్డర్లయితే కార్డు మీద నేరుగా లేజర్ ప్రింటే కొట్టేస్తారు.

ఇవికాక పొద్దున రాగానే తను చేసే మొదటి పని గడియారం సరిచేయడం. "రాత్రి మెయిన్ ఆపేస్తాం కదా, అది నిద్రపోతుంది" అంది. బయోస్ (విండోస్ కంటే ముందు మేలుకునే మదర్‌బోర్డు ప్రోగ్రాం) బ్యాటరీ బలహీనపడింది. అదీ రాసుకున్నా.

షాపు మూసేముందు సెట్టింగుల ఎగుమతులు మొదలుపెట్టాను. ముందు విండోస్ రిజిస్ట్రీ కాపీ దానంతటది దాచిందేమో చూద్దామని సిస్టమ్32 లోపల కాన్ఫిగ్ ఫోల్డరులో రెగ్‌బ్యాక్ తెరిచాను. సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అని అయిదు ఫైళ్లున్నాయి. సంతోషపడేలోపు సైజు చూశాను, అన్నీ 0 కేబీ. విండోస్ 10 1803 వెర్షన్ నుంచి ఈ కాపీ తీయడం మైక్రోసాఫ్టే మానేసింది. పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. సిస్టమ్ ప్రొటెక్షన్ చూస్తే సీ డ్రైవ్‌కు ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి, తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి ఒక రీస్టోర్ పాయింట్ పెట్టాను. అయితే అది ఉండేది అదే డిస్కులో. డిస్కు పోతే దానితోపాటే పోతుంది.

తర్వాత రిజిస్ట్రీని తెరిచే రెజెడిట్‌లో నాకు కావాల్సిన కొమ్మలు విడివిడిగా ఎగుమతి చేశాను. మొత్తం రిజిస్ట్రీని ఒకే ఫైలుగా తీస్తే ఆకారం బాగానే ఉంటుంది, తిరిగి ఎక్కించాల్సి వస్తే మాత్రం తలనొప్పి. నడుస్తున్న విండోస్ వాడుకుంటున్న కీల (రిజిస్ట్రీ పద్దుల) మీద అది రాయలేకపోతుంది, కొంతే ఎక్కి మిగతాది ఎక్కలేదని చెబుతుంది. అందుకని ప్రింటర్ కాగితాల సైజులుండే కొమ్మ ఒకటి, ఫాంట్ల జాబితా ఒకటి, తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్‌ది ఒకటి, అక్క యూజర్ అకౌంట్ కింద ఉన్న ప్రింటర్ల కొమ్మ ఒకటి తీశాను. ఒక్కోదానికి అది ఎందుకో తెలిసే పేరు, తేదీ. ప్రింటర్ అమరికలకు స్క్రీన్‌షాట్లు కూడా తీశా.

ఇక్కడ ఒక ప్రయోగం చేశాను. రిహార్సల్ అనుకోండి. "పత్రిక" సైజు ఎగుమతి అయ్యాక దాన్ని తీసేసి, ఇంకో కొత్త సైజు "టెస్ట్" అని పెట్టాను. ఆ తర్వాత ఎగుమతి ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి, ప్రింటు పనులు చూసే స్పూలర్ సర్వీసు ఆపి మళ్లీ నడిపాను. "పత్రిక" తిరిగొచ్చింది. "టెస్ట్" మాత్రం పోలేదు, అక్కడే కూర్చుంది. రెగ్ ఫైలు (ఆ ఎగుమతి ఫైలు) కలుపుతుందే కానీ తర్వాత చేరినదాన్ని తీసెయ్యదు. ఉన్న విలువల మీద రాస్తుంది, లేనివి చేరుస్తుంది, అంతే. చెడిపోవడం అంటే ఏదో కొత్తది దూరడమే అయితే ఈ ఫైలు మనల్ని కాపాడదన్నమాట. ఇన్నేళ్లుగా వాడుతూ కూడా దీన్ని నేను ఏనాడూ పరీక్షించి చూడలేదు.

ఫాంట్ల దగ్గర కూడా దాదాపు పప్పులో కాలేశాను. విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరు కాపీ చేసి పని అయిపోయిందనుకున్నా. అక్క లెటర్‌ప్యాడ్‌లకు వర్డ్‌లో వాడే నాలుగు ఫాంట్లు అందులో లేవు. 1809 వెర్షన్ నుంచి ఫాంటు మీద కుడిక్లిక్ చేసి మామూలుగా ఇన్‌స్టాల్ అంటే అది ఆ యూజర్ ఒక్కరికే, వాళ్ల యాప్‌డేటా ఫోల్డరు లోపల పడుతుంది. అందరికీ అని ప్రత్యేకంగా ఎంచుకుంటేనే ఆ పెద్ద ఫోల్డరులోకి వెళుతుంది. రెండు చోట్ల నుంచీ తీశాను.

ఇంటికెళ్లేటప్పటికి పదకొండు. దారిలో కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో దిగి 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నా. 512 జీబీది కూడా చూపించాడు. 32 జీబీ కోసం అంత డబ్బు దేనికనుకున్నా.

ఆదివారం

షాపు సెలవు. తాళాలు నా దగ్గరే.

ముందు బయోస్. డిలీట్ కీ నొక్కి లోపలికెళ్లి ఒక్కో పేజీకీ ఫోన్‌తో ఫొటో తీశాను, ఏమీ లేనట్టు కనిపించే పేజీలకు కూడా. మొత్తం పద్నాలుగు ఫొటోలు. సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే తీరు) ఐడీఈ అని ఉంది, అది పాత పద్ధతి. 2014 ప్రాంతంలో ఈ మిషన్ కట్టినతను పాత అలవాటుకొద్దీ అలా పెట్టి ఉంటాడు. బూట్ మోడ్ లెగసీ. ఆ రెండిటికీ దగ్గరగా ఇంకో ఫొటో.

నెట్‌వర్క్ వివరాలు ఒక టెక్స్ట్ ఫైలులో వేశాను. జిరాక్స్ మిషన్‌కు స్థిరమైన ఐపీ ఇచ్చి ఉన్నారు, అది మారితే పక్కగది అబ్బాయి అరుస్తాడు.

తర్వాత క్లోన్‌జిల్లా. తైవాన్‌లోని ఎన్‌సీహెచ్‌సీ చేసిన ఉచిత సాధనం, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది. డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు కాపీగా తీసి ఎక్స్‌టర్నల్ డిస్కులో పెడదామని. రిజిస్ట్రీ ముక్కలు తీశాక ఇమేజ్ ఎందుకని బాబాయి ఫోన్‌లో అడిగాడు. ఇల్లు కాలిపోతే ఇమేజ్, తాళంచెవి పోతే రెగ్ ఫైలు అని చెప్పా. కాగితం సైజు ఒక్కటి పోయిందని షాపు మొత్తాన్ని పోయిన ఆదివారానికి వెనక్కి తీసుకెళ్లం కదా, ఆ మధ్యలో టైపు చేసిన పత్రికలన్నీ పోతాయి.

"సరేలే, తిన్నావా?" అన్నాడు.

మొదటి ప్రయత్నం బోర్లా పడింది. విండోస్ హైబర్నేషన్‌లో ఉందని, అలాంటి డ్రైవ్‌ను ముట్టనని క్లోన్‌జిల్లా ఆగిపోయింది. నేను శుభ్రంగా షట్‌డౌన్ చేశానే! కారణం ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా విండోస్ కెర్నల్‌ను డిస్కులో నిద్రపుచ్చి వెళుతుంది, నిజంగా ఆరిపోదు. మళ్లీ బూట్ చేసి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ ఇచ్చాను. ఈసారి ఒప్పుకుంది. ఇమేజ్ పూర్తయ్యేసరికి రెండున్నర గంటలు, దాన్ని తిరిగి ఎక్కించవచ్చో లేదో తనిఖీ చెయ్యమంటే ఇంకో గంట. ఆ గంట వదిలేద్దామనిపించింది. శ్రావణమాసం గుర్తొచ్చి కూర్చున్నా.

ఇక డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి. పెద్దదాన్ని చిన్నదాంట్లో పట్టించలేనంది. 500 జీబీ డిస్కుకు 480 జీబీ. లోపల వాడింది 180 జీబీయే, కానీ క్లోన్‌జిల్లా మామూలుగా చూసేది మొత్తం సైజునే. పార్టిషన్ కుదించి, సైజు తనిఖీ వద్దని చెప్పి, పట్టికను దామాషాలో కట్టమని చేయొచ్చు, దారి ఉంది. బతికున్న ఒకే ఒక్క డిస్కు మీద పార్టిషన్ కుదించడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు. పాతదాన్ని ముట్టకుండా ఉంచడమే కదా ఈ గోలంతా. వదిలేసి ఇంటికొచ్చా.

సోమవారం

ఆఫీసు అయ్యాక వేళచ్చేరిలో ఎమ్మార్టీఎస్ ఎక్కి చింతాద్రిపేటలో దిగి రిచీ స్ట్రీట్‌కు నడిచా. సీలు తీశావు కదా అని షాపతను కాసేపు నసిగాడు. చివరికి పైన డబ్బు కట్టించుకుని 512 ఇచ్చాడు. బయోస్ కోసం సీఆర్2032 బ్యాటరీ కూడా ఒకటి తీసుకున్నా. ఆ రోజుకు అంతే.

మంగళవారం

సాయంత్రం షాపు మూశాక క్లోన్, అంటే పాత డిస్కును ఎస్‌ఎస్‌డీ మీదికి నకలు తీయడం. ఈసారి ఏ గొడవా లేదు. పాత డిస్కు విప్పి, మీద కాగితం అంటించి, తేదీ వేసి, బాబాయి బీరువాలో పెట్టాను. రెండు డిస్కులూ కలిపి బూట్ చేయకూడదు. రెండిటికీ ఒకే డిస్కు సంతకం (గుర్తింపు సంఖ్య) ఉంటుంది, విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది.

డబ్బా తెరిచే ఉంది కదా అని బ్యాటరీ కూడా మార్చేశా. మల్టీమీటర్ పెడితే పాతది 2.5 వోల్టులు, ఉండాల్సింది 3. కొత్తది వేసి స్విచ్ నొక్కాను. నీలం తెర. బూట్ డివైస్ అందడం లేదట.

గుండె జారింది. మొదట అనుమానం ఎస్‌ఎస్‌డీ మీదికే పోయింది. క్లోన్ చెడిందేమో, కేబుల్ వదులుగా ఉందేమో అని పావుగంట పీకాను, పెట్టాను. అప్పుడు తట్టింది, ఒకేసారి రెండు మార్పులు చేశానని. డిస్కు మార్చి, ఒకసారి బూట్ చేసి చూసి, ఆ తర్వాత కదా బ్యాటరీ ముట్టాల్సింది. బ్యాటరీ తీయగానే బయోస్ తన మొదటి సెట్టింగులకు వెళ్లిపోయి ఉంటుంది. ఫోన్ తీసి ఆదివారం ఫొటోలతో ఒక్కో పేజీ పోల్చుకున్నా. ఏడో ఫొటో. సాటా మోడ్ అక్కడ ఐడీఈ, తెర మీద ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి. మార్చి సేవ్ చేసి వదిలితే పద్దెనిమిది సెకన్లలో డెస్క్‌టాప్. అక్క టీకి ఇక కారణం వేరే వెతుక్కోవాలి.

ఎస్‌ఎస్‌డీ వేసి ఐడీఈలో ఉంచడం న్యాయం కాదు. దాన్ని ఊరికే మారిస్తే నీలం తెరే వస్తుంది కాబట్టి దొడ్డిదారి ఒకటుంది. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ సాధనంలో బూట్ కింద సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయాలి. మధ్యలో బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు కావాల్సిన డ్రైవరును లేపుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. చేశాను, ఎక్కింది. పదిహేనో ఫొటో తీసి ఫోల్డరులో పెట్టా, పాత ఏడో ఫొటోకు "ఇది ఇక వద్దు" అని పేరు మార్చి.

బుధవారం

అదనపు అప్‌డేట్లకు నమోదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి, అంతవరకు షాపులో లోకల్ అకౌంటే. సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌కు సింక్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే ఇచ్చేస్తానంది. తీసుకున్నా. అయితే దాన్ని నమ్ముకుని నా ఫోల్డరు తీసేసే ఉద్దేశం లేదు. వాల్‌పేపరు, వైఫై పాస్‌వర్డు అది చూసుకుంటుంది. పేజ్‌మేకర్ మార్జిన్ల సంగతి దానికేం తెలుసు?

ప్రింటర్ డ్రైవరు కొత్తది వేశాను. "పత్రిక" సైజు అలాగే ఉంది, కానీ మందం, ట్రే, నాణ్యత అన్నీ మొదటికొచ్చాయి. అక్క అకౌంట్ కింది రెగ్ ఫైలు ఎక్కిద్దామని చెయ్యి పోయింది. ఆగాను. ఆ అమరికలు డ్రైవరు తనకు మాత్రమే అర్థమయ్యే ముద్దగా దాస్తుంది, పాత డ్రైవరు ముద్దను కొత్తదానికి తినిపిస్తే ఏం చేస్తుందో చెప్పలేం. శనివారం తీసిన స్క్రీన్‌షాట్లు పక్కన పెట్టుకుని చేత్తో ఒక్కొక్కటే పెట్టాను. ఫైలు కంటే బొమ్మే పనికొచ్చింది.

శనివారం

అక్క వారమంతా ఏ ఫిర్యాదూ చేయలేదు. కీబోర్డు అదే, షార్ట్‌కట్ అదే, పేజీ తెరవగానే మార్జిన్లు అవే. ఇక మూసేద్దామనుకుంటుంటే పొద్దున తొమ్మిదిన్నరకు బాబాయి ఫోన్. "అబ్బాయ్, ఒకసారి రా. కార్డు మీద పక్కకు పోతోంది."

వెళ్లా. వారంలో చేసినవన్నీ ప్రెస్సుకు పంపడానికి బటర్ పేపర్ మీదికి వెళ్లిన పెద్ద ఆర్డర్లట. నేరుగా కార్డు మీద కొట్టేది ఈరోజే మొదలు. యాభై కార్డుల చిన్న గృహప్రవేశం. కలశం బొమ్మ మధ్యలో ఉండాల్సింది మూడు మిల్లీమీటర్లు ఎడమకు జరిగి, కుడివైపు పువ్వు మీద "సకుటుంబ" ఎక్కి కూర్చుంది.

డ్రైవరు చూశాను. స్క్రీన్‌షాట్‌తో సరిపోయింది. "పత్రిక" కొలతలు సరిపోయాయి. పేజ్‌మేకర్ మార్జిన్లు సరిపోయాయి. పాత డ్రైవరు వెనక్కి వేశాను, అయినా మూడు మిల్లీమీటర్లే. బీరువాలో డిస్కు తీసి పెడదామా అన్నాడు బాబాయి. నాకూ అదే ఆలోచన వచ్చింది, నోటికి మాత్రం రాలేదు.

అక్క అంతసేపూ మౌనంగా ప్రింటర్ ట్రేనే చూస్తోంది. వంగి వేలితో తడిమింది.

"ఇక్కడ ఒక టేపు ఉండాలే తమ్ముడూ. కార్డు దానికి ఆనించి పెడతా. ఏమైంది?"

ట్రేలో రెండు పక్కలా ఉండే గైడు ఎప్పుడో విరిగిందట. ఆరేడేళ్ల కిందట తనే నల్ల టేపు ముక్క అంటించుకుంది. వారం రోజులు ఆ టేపుతో పని పడలేదు, ఈరోజు కళ్లతో అంచనా వేసి పెట్టింది.

నేను గీకి పారేసిన సంగతి చెప్పా. బాబాయి నవ్వాడు, ఆ పాత శ్రావణానికి కూడా కలిపి.

అక్క అల్మరాలోంచి మునుపు బాగా వచ్చిన పత్రిక ఒకటి తీసి ట్రేలో పెట్టింది. తెల్లకాగితం మీద ఒక ప్రింటు తీసి, దాని మీద కార్డు వేసి ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టుకుని చూసింది. కొంచెం జరిపింది. ఇంకో ప్రింటు. మళ్లీ లైటు. నాలుగోసారికి కలశం మధ్యలోకి వచ్చింది. అంచు వెంబడి పెన్సిల్ గీత గీసి, ఎలక్ట్రీషియన్ టేపు పంటితో కొరికి అంటించింది.

ట్రే అంచు నుంచి టేపు దాకా స్కేలు పెట్టమన్నాను. 41 మిల్లీమీటర్లు. స్కేలుతో సహా ఫొటో తీసి బయోస్ ఫొటోల పక్కనే పడేశా, పేరు "అక్క టేపు".